స్నోషూస్ అద్దెకు తీసుకోవాలి, అందరికీ మొదటిసారి. ఏ సైజు? ఎక్కడికి?

బాథెల్_బుజ్జి

డిసెంబర్ ఆఖరి శనివారం సియాటెల్ నుంచి స్నోషూయింగ్‌కి (బూట్ల కింద వెడల్పు పలకల్లాంటి స్నోషూస్ కట్టుకుని మంచు మీద నడవడం) వెళ్దామని ప్లాను. పెద్దవాళ్లం ఆరుగురం, ఎనిమిదేళ్ల పాప, ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు (62 ఏళ్లు, ఒక మోకాలు కాస్త నొప్పి). ఎవరం ఇదివరకు వేసుకున్నది లేదు. ఒకరు గోల్డ్ క్రీక్ పాండ్ అంటారు, ఒకరు మౌంట్ రెయినియర్ పారడైజ్ అంటారు, ఇంకొకాయన వేసవిలో తేలిగ్గా ఎక్కేశాం కదా, స్నో లేక్‌కే పోదాం అంటున్నాడు. అద్దె సైట్లో 22, 25, 30 అని సైజులున్నాయి. అవి చెప్పుల సైజులు కావని మాత్రం అర్థమైంది. పోల్స్ (చేతి ఊతకర్రలు) విడిగా బుక్ చేయాలా? బూట్లు కూడా వాళ్లే ఇస్తారా? ఎనిమిది జతలు తీసుకున్నాక మంచు లేకపోతే డబ్బు గోవిందా కదా అని ఒక బెంగ.

గోదారి_గట్టు

పాదుకలనుకోండి. భరతుడు పద్నాలుగేళ్లు ఉంచుకున్నాడు, మీకు సోమవారం దాకానే.

కౌంటర్_కుమార్

చలికాలం అద్దె కౌంటర్లోనే నా పని, కాబట్టి సైజుల సంగతి నేను చెప్తా. ఆ అంకెలు అంగుళాలు, షూ పొడవు. పాదంతో సంబంధం లేదు, బరువుతోనే సంబంధం. బరువంటే ఒంటి బరువొక్కటే కాదు. కోటు, తడిసిన బూట్లు, వీపున బ్యాగు, అందులో నీళ్లు, పులిహోర డబ్బా, పాప అలిసిపోతే ఆ బ్యాగు కూడా, అన్నీ కలిపి. కౌంటర్ దగ్గర చాలామంది పెళ్లినాటి బరువు చెప్తారు, మంచులో మాత్రం ఇవాళ్టి బరువే దిగుతుంది.

సుమారు లెక్క: 22 అంగుళాలవి మొత్తం 180 పౌండ్ల దాకా, 25వి 200 దాకా, 30వి 250 దాకా. కంపెనీని బట్టి అటూఇటూ అవుతుంది. రెండు సైజుల మధ్య పడితే తొక్కిన దారికి చిన్నదే తీసుకోండి. పెద్దది తీసుకుంటే కాలు కాలికి తగిలి తడబడతారు, తొడ కీళ్లు పట్టేస్తాయి. పైగా ఇక్కడి కాస్కేడ్స్ కొండల మంచు తడి మంచు, బరువైనది. వీళ్లు దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అని ఊరికే అనలేదు. కొలరాడో పొడి మంచులో 30 కావాల్సిన మనిషికి ఇక్కడ 25 సరిపోతుంది.

ఎంఎస్‌ఆర్ కంపెనీ ఇవో లాంటి ప్లాస్టిక్ డెక్ (మంచు మీద ఆనే పలక) ఉన్నవి ఇస్తే అవి ఒకటే సైజు, 22. బరువైన వాళ్లకి వెనక తగిలించే ఆరంగుళాల తోకలు వేరే ఉంటాయి. అది తగిలిస్తే 250 దాకా మోస్తుంది. తోకలు అడగందే ఎవరూ ఇవ్వరు, అడగండి.

పాపకి పిల్లల మోడల్ విడిగా ఉంటుంది. పెద్దవాళ్ల 22 ఇచ్చి సర్దుకోమంటే ఒప్పుకోవద్దు. స్ట్రాపు ఆఖరి బెజ్జం దాకా లాగినా బూటు లోపల తిరుగుతూనే ఉంటుంది.

మంచుముద్ద

గోల్డ్ క్రీక్ పాండ్‌కి అసలు స్నోషూస్ దేనికండీ? శనివారం పది దాటేసరికి ఆ దారి సిమెంటు రోడ్డులా తొక్కేసి ఉంటుంది. మైక్రోస్పైక్స్ చాలు. బూటుకి తొడుక్కునే రబ్బరు పట్టీ, కింద గొలుసు, గొలుసుకి చిన్న మేకులు. మడిస్తే రెండు జతలు ఒక అన్నం డబ్బాలో పడతాయి. ఎనిమిది జతల స్నోషూస్ అద్దె దండగ.

వరంగల్_వాగు

మంచుముద్దన్న చెప్పింది సగం నిజమే. తొక్కిన దారి గట్టిగ గడ్డకట్టి ఉంటే స్పైక్సే మంచిగ పట్టుకుంటయ్. గని ముందు రోజు రాత్రి ఫీటు మంచు పడిందనుకో, స్పైక్స్ ఏం పని చేస్తయ్? మోకాలు దాక దిగబడుడే. దమ్ము చేసిన పొలంల నడిచినట్టే ఉంటది. కాలు గుంజి ఇంకో అడుగు ఏసేసరికి పానం పోతది. పలక మీద నిలబడితే బురదల దిగబడరు కద, స్నోషూ చేసేది గదే పని. బరువును ఎక్కువ జాగల పరుస్తది.

ఇంకో ముచ్చట. స్నోషూస్ లేకుంట మెత్తటి దారిల నడిస్తే మనం బొందలు చేసి పోతం. రాత్రికి గవి రాయి లెక్క గడ్డకడతయ్. తెల్లారి వచ్చినోని మడమ అండ్ల పడి మెలిక పడతది. అందుకే ఈడోళ్లు తిడతరు.

బాథెల్_బుజ్జి

అయితే ఏది తీసుకోవాలో ముందే ఎలా తెలుస్తుంది? బుకింగ్ వారం ముందే చేయమంటున్నారు.

నెమ్మది_నడక

రెండూ చేయండి. స్నోషూస్ బుక్ చేసి పెట్టుకోండి, క్యాన్సిల్ చేయడానికి ఎప్పటివరకు వీలో చదువుకోండి. గురువారం రాత్రి వాతావరణ శాఖ సూచనలో ఒకటే చూడండి: ఫ్రీజింగ్ లెవెల్, అంటే ఎన్ని అడుగుల ఎత్తు నుంచి పైన చలి సున్నాకి దిగుతుందో ఆ అంకె. గోల్డ్ క్రీక్ దగ్గరి కనుమ స్నోక్వాల్మీ పాస్ 3,022 అడుగులే, గోల్డ్ క్రీక్ దానికంటే కిందే. ఫ్రీజింగ్ లెవెల్ 5,000 అని ఉంటే అక్కడ పడేది మంచు కాదు, వాన. వానలో తడిసిన మంచు జావలా ఉంటుంది, స్నోషూస్ కూడా సుఖంగా ఉండవు, ఆ రోజు మానేయండి. 2,000 కన్నా కింద ఉండి ముందు రెండు రోజులూ మంచు పడి ఉంటే స్నోషూస్. పాత మంచే ఉండి, వారంగా పగలు ఎండ కాసి రాత్రి గడ్డకడుతుంటే స్పైక్స్. పారడైజ్ 5,400 అడుగులు కాబట్టి పాస్‌లో వాన పడే రోజు కూడా అక్కడ మంచే పడే అవకాశం ఎక్కువ. 1971-72 చలికాలంలో అక్కడ 1,122 అంగుళాలు పడింది. మంచు కొరత అనే మాటే ఉండదు అక్కడ, రోడ్డు తీసి ఉంటుందా అనేదే సమస్య.

ఇంక ఆ స్నో లేక్ ఆయన గురించి. దయచేసి ఆయన మాట వినొద్దు. వేసవి దారి, చలికాలం దారి ఒకటి కావు. వేసవిలో ఆ బాట కొండవాలుకి అడ్డంగా పోతుంది. చలికాలం ఆ వాలే అవలాంచి, అంటే కొండ మీంచి మంచు ఒక్కసారిగా, జారే చోటు. చాలా అవలాంచీలు 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద మొదలవుతాయి. మీరు నడిచేది చదునుగా ఉన్నా లాభం లేదు, పైన అలాంటి వాలు ఉంటే అది జారి వచ్చి ఆగేది మీరున్న చోటే. స్నోషూస్ వేసుకుంటే అవలాంచి నుంచి రక్షణేమీ రాదు, ఇదివరకు వెళ్లలేని చోటికి వెళ్లగలిగే ధైర్యం మాత్రం వస్తుంది. అదే ప్రమాదం.

గోదారి_గట్టు

ఆయ్, స్నో లేక్ ఆయన్ని డ్రైవింగుకి పెట్టండి. దారి ఎంచుకునే పని తీసేయండి.

ఐదో_గేరు

డ్రైవింగన్నారు కాబట్టి. రెయినియర్‌కి వెళ్తే నవంబర్ 1 నుంచి మే 1 దాకా పార్కులోకి వచ్చే ప్రతి బండిలో టైరు చైన్లు ఉండి తీరాలి. ఆల్ వీల్ డ్రైవ్ అయినా, స్నో టైర్లున్నా సరే, వేసుకోనక్కర్లేకపోయినా డిక్కీలో ఉండాలి. అద్దె కారులో వెళ్లే వాళ్లు ఒప్పందం చదవండి, చైన్లు వేయకూడదని చాలావాటిలో రాసి ఉంటుంది. పారడైజ్‌కి పోయే దారిలో లాంగ్‌మైర్ దగ్గర గేటు రాత్రి మూసేస్తారు, పొద్దున మంచు తోసి ఎప్పుడు తీస్తారో వాళ్లే చెప్తారు. కొన్ని రోజులు అసలు తీయరు. బయల్దేరే ముందు పార్కు రోడ్డు సమాచారం చూడకుండా ఇంటి నుంచి రెండున్నర గంటలు తోలొద్దు.

చైన్లు కొన్న రోజే ఇంటి గరాజులో ఒకసారి వేసి చూడండి. రోడ్డు పక్క చీకట్లో, వేళ్లు కొంకర్లు పోతుంటే సూచనల కాగితం చదవడం కుదరదు.

గోల్డ్ క్రీక్ అయితే ఐ-90 హైవే మీద 54వ ఎగ్జిట్. అక్కడ చలికాలం పార్కింగుకి స్నో-పార్క్ పర్మిట్ ఉండాలి. స్టేట్ పార్కుల డిస్కవర్ పాస్ ఉందిగా అని అనుకోకండి, అది చెల్లదు. కారుకి ఒకటి. మీరు ఎనిమిది మంది అంటే రెండు కార్లు, రెండు పర్మిట్లు. ఒక్క రోజుదీ దొరుకుతుంది, సీజన్‌దీ దొరుకుతుంది. ముందే ఆన్‌లైన్లో తీసుకుని ప్రింటు తీసి డాష్‌బోర్డు మీద పెట్టండి, పాస్ దగ్గర ఫోను సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. తొమ్మిదికల్లా అక్కడ ఉండకపోతే చోటు దొరకదు. రోడ్డు పక్క పెడితే లాక్కుపోతారు.

శాంతక్క

బుజ్జీ, అత్తగారి సంగతి ఎవరూ ఎత్తడం లేదేంటి. మోకాలు నొప్పి ఉన్నవాళ్లకి ఎక్కడం కష్టం కాదమ్మా, దిగడం కష్టం. కాబట్టి పూర్తిగా చదునైన చోటు చూడు. గోల్డ్ క్రీక్ చెరువు చుట్టూ చదునే, పోను రాను రెండు మూడు మైళ్లు. కానీ మధ్యలో కూర్చోడానికి ఏమీ ఉండదు. అదే 54వ ఎగ్జిట్ దగ్గర హైవేకి అవతలి పక్క హయాక్ ఉంది. పాత రైలు మార్గం వెంబడి బల్లపరుపు దారి, పిల్లలు స్లెడ్ మీద జారే గుట్ట, బాత్రూములు. పాపకీ ఆవిడకీ అదే హాయి. అక్కడ మామూలు పర్మిట్ చాలదు, యంత్రంతో చదును చేసిన దారులకి ఇంకో స్టిక్కర్ కావాలి, లేదా ఒక్క రోజు పర్మిట్ నిబంధన ఏంటో చూసుకో.

అక్కడ ఒక మర్యాద ఉంది. దారి అంచున రెండు సమాంతర గాళ్లు తీసి ఉంటాయి, అవి స్కీలకి. స్నోషూస్‌తో దాంట్లో అడుగు పెట్టకండి, నడిరోడ్డు మీద ముగ్గు తొక్కినట్టే.

హైదరాబాదీ_చలి

సియాటెల్ కాదు గానీ ఒక సందేహం. ఫిబ్రవరిలో మనాలీ వెళ్తున్నాం. అక్కడ దారిలో అద్దెకిచ్చేవి ఇవేనా?

మంచుముద్ద

కాదండీ. మనాలీ నుంచి సోలాంగ్ లోయకి పోయే దారి పొడవునా కొట్లలో ఇచ్చేది ఒళ్లంతా కప్పే కోటు, గమ్‌బూట్లు. అవి తడవకుండా ఉండటానికి, మంచు మీద తేలడానికి కాదు. సాక్సులు మాత్రం మీవి పట్టుకెళ్లండి, ఆ బూట్లలో పొద్దుట్నుంచి మీరు నాలుగో మనిషి అయ్యుంటారు.

హైదరాబాదీ_చలి

నాలుగో మనిషా 😭 సరే.

బాథెల్_బుజ్జి

కుమార్ గారూ, బూట్ల గురించి చెప్పలేదు. రన్నింగ్ షూస్ కుదరదా? కౌంటర్ దగ్గర ఏం చూసుకోవాలి?

కౌంటర్_కుమార్

రన్నింగ్ షూస్ వద్దు. తడుస్తాయి, మెత్తగా ఉంటాయి కాబట్టి స్ట్రాపు బిగిస్తే వేళ్ల మీద నొక్కుతుంది, వదులు చేస్తే జారిపోతుంది. చీలమండ దాకా ఉండే, నీళ్లు దూరని హైకింగ్ బూటు చాలు. చాలా కొట్లు స్నోషూతో బూటు ఇవ్వవు. అందుకే ఒక్కటే ప్రాధేయపడతాను: కొట్టుకి ఆ రోజు వేసుకోబోయే బూటే వేసుకుని రండి. మనిషి ఒకడొచ్చి ఎనిమిది మందికీ తీసుకెళ్తే ఎనిమిది బూట్లూ సంచిలో పట్టుకురండి. చెప్పులతో వచ్చి పదకొండో నంబరండీ అంటే నేనేం చూడను?

కౌంటర్ దగ్గర ఇలా చేయండి. అన్ని స్ట్రాపులూ పూర్తిగా వదులు చేయండి. షూని తలకిందులు చేస్తే వేళ్ల దగ్గర ఇనప పళ్లు కనిపిస్తాయి, అది క్రాంపాన్. పళ్లు అరిగి గుండ్రమైతే వేరే జత అడగండి. పార్కింగ్ లాటులో తారు మీద నడిచి వచ్చిన జతలన్నీ అలాగే ఉంటాయి. మీరు కూడా మంచు మొదలయ్యే దాకా చేత్తోనే పట్టుకెళ్లండి. తర్వాత రబ్బరు స్ట్రాపుల్ని బెజ్జాల దగ్గర వంచి చూడండి. సన్నటి పగుళ్లుంటే అవి చలిలో తెగుతాయి.

ఇప్పుడు బూటు పెట్టండి. ముందు బొటనవేలి వెనక ఉబ్బెత్తు భాగం, అంటే ముందరికాలి మీద నిలబడితే నేలకానే చోటు, సరిగ్గా అడ్డంగా ఉన్న ఇరుసు మీదికి రావాలి. బూటు ముక్కు డెక్‌లో ఉన్న బెజ్జం మీదికి రావాలి, ముందంచుకి తగలకూడదు. తగిలితే ఎక్కేటప్పుడు ముక్కు మంచులోకి దిగకుండా అక్కడే ఆగిపోతుంది, ప్రతి అడుగూ వెనక్కి జారతారు. ముందు వేళ్ల స్ట్రాపు, తర్వాత పాదం మీదది, ఆఖర్న మడమది. బకిల్స్ బయటి పక్కకి ఉండాలి. లోపలికుంటే ఎడమ కుడి మారిపోయాయన్నమాట. మిగిలిన కొస క్లిప్పులో దూర్చండి, వేలాడితే దాని మీదే రెండో కాలు పడుతుంది.

పరీక్ష: కాలెత్తితే వెనక తోక కిందికి వాలాలి, ముక్కు పైకి లేవాలి. మడమ అటూఇటూ తిప్పితే షూ కూడా కాలితో పాటే తిరగాలి. బూటు తిరిగి షూ తిరగకపోతే ఇంకో బెజ్జం బిగించండి. మీ ఎనిమిది మందీ గ్లవ్స్ వేసుకుని ఒకసారి విప్పి పెట్టుకోగలగాలి. అక్కడ వెచ్చటి కొట్లో రాకపోతే మంచులో అసలు రాదు.

మంచులో పది నిమిషాలు నడిచాక అందరూ ఆగి మళ్లీ బిగించాలి. బూటు సర్దుకుంటుంది, స్ట్రాపు వదులవుతుంది. జత ఊడిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ రెండో బిగింపు మానేయడమే.

వరంగల్_వాగు

తిప్పే గుండీ ఉన్నయి గుడ ఇస్తరు కద, బోవా అంటరు. గుండీ నొక్కి తిప్పితే బిగుసుకుంటది, పైకి గుంజితే వదులైతది. పిల్లలకు, పెద్దోళ్లకు అల్కగ ఉంటది. గని గుండీల మంచు ఇరికి గడ్డకడితే విప్పరాదు. వేడి ఊపిరి ఊది, పోల్ పిడితోటి మెల్లగ తట్టాలె. గట్టిగ గుంజి పీకొద్దు, తీగ తెగితే ఆడ బాగు చేసేటోడు లేడు.

నెమ్మది_నడక

అందుకే బ్యాగులో నాలుగు జిప్ టైలు, ఒక పొడుగు రబ్బరు పట్టీ వేసుకోవాలి. తెగిన స్ట్రాపు స్థానంలో బూటు మీంచి కట్టి కారు దాకా వచ్చేయొచ్చు.

మంచుముద్ద

అడుగున మంచు ముద్దలు అతుక్కోవడం గురించి కూడా చెప్పండి, నా పేరే అది. సున్నా డిగ్రీల దగ్గర కొత్త మంచు, నీడలోంచి ఎండలోకి వస్తే క్రాంపాన్ పళ్ల మధ్య లడ్డూలా పేరుకుంటుంది. పళ్లు మంచుకి తగలవు, ఎత్తు మడమల చెప్పులేసుకున్నట్టు ఊగుతారు. కొందరు వంట నూనె స్ప్రే కొడతారు, పెనానికి రాసినట్టు.

కౌంటర్_కుమార్

అద్దె వాటికి కొట్టకండి బాబూ! నూనెకి మట్టి అంటుకుని గుడ్డ డెక్‌లోకి ఇంకుతుంది, కడగాల్సింది నేను. ఇరవై అడుగులకోసారి పోల్‌తో షూ పక్క మీద ఒక దెబ్బ వేస్తే రాలిపోతుంది. ఆ లడ్డూ అడుగున గడ్డకట్టే దాకా ఆగొద్దు, అప్పుడు రాయితో కొట్టినా రాదు.

బాథెల్_బుజ్జి

పోల్స్ తప్పనిసరా? విడిగా డబ్బులు.

శాంతక్క

నలుగురి దగ్గరైనా ఉండాలి, అత్తగారికి తప్పనిసరి. కింద వెడల్పు చక్రం ఉన్నవే అడుగు, స్నో బాస్కెట్ అంటారు. అది లేకపోతే ఊతమిచ్చిన పోల్ మంచులోకి సగం దిగి మనిషినీ లాగేస్తుంది. ఎత్తు: మంచు మీద నిలబడి పట్టుకుంటే మోచేయి లంబకోణంలో ఉండాలి. దిగేటప్పుడు అయిదు సెంటీమీటర్లు పొడుగు చెయ్.

నడక నేర్పడం పార్కింగు పక్కనే చెయ్యి. కాళ్లు మామూలు కంటే నాలుగు వేళ్లు ఎడంగా వేయాలి. వెనక్కి నడవకూడదు. తోక మంచులో గుచ్చుకుని కూలబడతారు. ఫోటో కోసం "ఒక్కడుగు వెనక్కి అత్తమ్మా" అన్నావో, అయిపోయింది. తిరగాలంటే గుండ్రంగా చిన్న చిన్న అడుగులేయాలి. ఎక్కేటప్పుడు మంచులోకి ముక్కుతో తన్ని మెట్టు చేసుకోవాలి, దిగేటప్పుడు మోకాళ్లు వంచి మడమ ముందు దింపాలి. పడితే బోర్లా తిరిగి, మోకాళ్ల మీదికి వచ్చి, రెండు పోల్స్ మంచు మీద ఇంటూ గుర్తులా పెట్టి వాటి మీద చేతులానించి లేవాలి. నిలబెట్టిన పోల్ పట్టుకుని లేద్దామంటే అది లోపలికే పోతుంది.

మడమ కింద పైకి లేపే ఇనప కడ్డీ ఉంటే చదును దారిలో లేపకు. అది నిట్ట ఎక్కుళ్లకి.

గోదారి_గట్టు

లేవడం ఒక పక్క. వెనక నుంచి లేపే అల్లుడికే ఎక్కువ శిక్షణ కావాలండి.

ఐదో_గేరు

తిండి నీళ్ల సంగతి రెండు ముక్కలు. గొట్టంతో పీల్చే నీళ్ల సంచి వద్దు, గొట్టం గడ్డకడుతుంది. వెడల్పు మూతి సీసా, బ్యాగులో తలకిందులుగా పెట్టండి. ఐసు పైనుంచే కడుతుంది కాబట్టి మూత వైపు నీళ్లుంటాయి. ఫ్లాస్కులో టీ. పెరుగన్నం పనికిరాదని చెప్పక్కర్లేదనుకుంటా.

గోదారి_గట్టు

పెరుగన్నం కాదండి, కుల్ఫీ అన్నం.

వరంగల్_వాగు

బట్టలు: జీన్సు పాంటు, కాటన్ బనీను బంద్. తడిస్తే ఆరవు, ఒళ్లు సల్లబడుతది. లోపల పాలిస్టరో ఉన్నిదో, మీద ఫ్లీసు, ఆ మీద నీళ్లు ఆపే కోటు. నడుస్తుంటే చెమట పడుతది, చెమట పట్టక ముందే ఒక పొర తీసెయ్యాలె. రెండు సాక్సులు వేసి బూటు ఇరుకు చేసుకోవద్దు, రక్తం ఆడక వేళ్లు ఇంకా సల్లబడతయ్. ఒకటే మందం ఉన్ని సాక్సు, ఇంకో జత బ్యాగుల. పాప బూటు తడుస్తదనుకుంటే సాక్సు మీద ప్లాస్టిక్ కవర్ తొడిగి బూటు వెయ్, అందం సంగతి తర్వాత. షూ తోక మంచును ఎగేసి వెనక పిక్కల మీద కొడుతది, అందుకే గేటర్స్ (పిక్కలకు తొడిగే కవర్లు) అడగాలె, కొన్ని కొట్లల్ల అద్దెకిస్తరు.

నెమ్మది_నడక

సమయం లెక్క వేసుకున్నారా? వేసవిలో గంటకి రెండు మైళ్లు నడిచేవాళ్లు స్నోషూస్‌తో ఒక మైలే నడుస్తారు. మీ గుంపు మొదట బకిల్స్‌తో ముప్పావు గంట తింటుంది. డిసెంబర్ ఆఖర్లో నాలుగుంబావుకి, నాలుగున్నరలోపే సూర్యుడు పోతాడు, లోయలో అంతకు ముందే నీడ పడుతుంది. పన్నెండున్నరకి ఎక్కడున్నా వెనక్కి తిరగండి. ఇద్దరి దగ్గర తలదీపాలు.

గోల్డ్ క్రీక్‌లో రెండు హద్దులు. చెరువు మీద అడుగు పెట్టొద్దు. మంచు కప్పిన నీళ్లు చూపుకి మైదానంలా ఉంటాయి, కింద ఐసు ఎంత మందమో పైనుంచి తెలియదు. రెండోది, చుట్టు దారి దాటి లోయ లోపలికి ఇంకో మైలు పోదాం అనొద్దు, అక్కడ రెండు పక్కల కొండల నుంచీ అవలాంచీలు దిగే దారులున్నాయి. ఆ రోజు పొద్దున నార్త్‌వెస్ట్ అవలాంచి సెంటర్ సూచనలో స్నోక్వాల్మీ పాస్ జోన్ చూడండి. అయిదు మెట్లుంటాయి. మూడో మెట్టు, కన్సిడరబుల్, వినడానికి మధ్యస్థంలా ఉంటుంది, కానీ మనిషి బరువుకే మంచు జారే రోజు అది. పెద్ద చెట్ల మొదళ్లకి ఆనుకుని కూర్చోవద్దని పాపకి చెప్పండి. కొమ్మల కింద మంచు వదులుగా, గోతిలా ఉంటుంది.

మంచుముద్ద

మొదటిసారికి ఇంత భయపెట్టాలా? చదును దారిలో ఎనిమిది మంది ఫోటోలు దిగి వచ్చేస్తారు.

నెమ్మది_నడక

భయపెట్టడం కాదండీ, స్నో లేక్ ఆయన ఇంకా గుంపులోనే ఉన్నాడు.

బాథెల్_బుజ్జి

😀 ఆయన ఇది చదువుతున్నాడు. ఇంతకీ మా నిర్ణయం: హయాక్. అత్తగారు, పాప, ఇంకొకరు అక్కడే స్లెడ్, చదును దారి. మంచు కొత్తగా పడితే మిగతా అయిదుగురం అవతలి పక్క చెరువు చుట్టూ. స్నోషూస్ ఎనిమిది కాదు ఏడు, అత్తగారికి స్పైక్స్, రెండు పోల్స్. పారడైజ్ ఇంకోసారి. అక్కడ రేంజర్లే స్నోషూస్ ఇచ్చి నడిపిస్తారట కదా?

శాంతక్క

అవును, సీజన్లో కొన్ని రోజులు రేంజర్లు నడిపిస్తారు, షూస్ వాళ్లే ఇస్తారు, హుండీలో తోచింది వేయాలి. విజిటర్ సెంటర్లో ముందొచ్చిన వాళ్లకే, వయసు నిబంధన కూడా ఉంటుంది, పాప కోసం అడుగు. అక్కడ నిస్క్వాలీ విస్టా చుట్టు దారి కొత్తవాళ్లకి బాగుంటుంది, ఒక మైలు పైచిలుకు.

ఐదో_గేరు

రెండు కార్లూ హయాక్‌లో పెట్టి నడుచుకుంటూ గోల్డ్ క్రీక్‌కి పోదామనుకోకండి, మధ్యలో ఐ-90 ఉంది. ఒక కారు అవతలికి తీసుకెళ్లాలి, ఆ కారుకి అక్కడ పది గంటలకి చోటు దొరకదు. చెరువు గుంపు పొద్దున ముందు అక్కడే దిగి, మధ్యాహ్నం హయాక్ రావడం నయం.

కౌంటర్_కుమార్

అయితే శుక్రవారం సాయంత్రమే తీసుకెళ్లండి. కొన్ని కొట్లలో ముందు రోజు సాయంత్రం తీసుకుంటే ఆ రోజు అద్దె లెక్కలోకి రాదు, అడిగి చూడండి. ఆర్‌ఈఐ లాంటి కొట్లలో సభ్యులకి అద్దె తక్కువ. అసలు ఈ చలికాలం నాలుగైదుసార్లు వెళ్లేలా ఉంటే కొనడమే నయం, కొత్త జత నూటయాభై డాలర్ల పైమాటే. ఒక్కసారికైతే అద్దే మేలు.

తీసుకెళ్లేముందు ప్రతి జతకీ అడుగూ పైనా ఫోటో తీయండి. ఎడమ కుడి గుర్తు చూసి జతకి జత కట్టేయండి. ఏడు జతలు ఒకేలా ఉంటే డిక్కీలో కలిసిపోతాయి. కారులో పాత దుప్పటి పరిచి పళ్లు ఒకదానికొకటి ఎదురుగా పెట్టండి, లేకపోతే సీటు చిరుగుతుంది. వెనక్కిచ్చేముందు రాత్రి గరాజులో ఆరబెట్టండి. తడి సంచిలో రెండు రోజులుంచితే పళ్లు తుప్పు పడతాయి, శుభ్రం చేసే రుసుము వేస్తారు.

బాథెల్_బుజ్జి

ఏడు జతలకీ ఒక్కో ఇంట్లో వాళ్ల పేరు రాసి టేపు అంటిస్తా.

కౌంటర్_కుమార్

పెయింటర్ల నీలం టేపు అంటించండి. బ్రౌన్ టేపు శుభ్రంగా ఊడదు, నాకు జిగురు మిగులుతుంది.